వంక దిగేదాకా

దిగువ అహోబిలంలో తెల్లవారకముందే జీపులు బారులు తీరతాయి. నవ నారసింహులనూ చూపించి పొద్దుగూకేలోగా మళ్లీ ఇక్కడే దింపుతామని డ్రైవర్లు పిలుస్తుంటారు. భార్గవ, యోగానంద, ఛత్రవట నారసింహులు దిగువ ఊరి చుట్టుపక్కలే కాబట్టి ఆ దర్శనాలు తొందరగానే అయిపోతాయి. పావన నారసింహుడి దగ్గరికి అడవిలో గతుకుల బాట. కారంజ నారసింహుడు ఎగువకు పోయే రోడ్డు పక్కనే ఉంటాడు. ఇక అహోబిల, క్రోడ, జ్వాల, మాలోల నారసింహులు ఎగువన ఉన్నవాళ్లు, కాళ్లకు పని పెట్టేవాళ్లు. తొమ్మిదీ ఒకే రోజులో అన్న లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ, అది భక్తుడు వేసుకున్న లెక్కలా లేదు, డీజిలు వేసిన లెక్కలా ఉంది.

మేం పోవాలనుకున్నది ఆ తొమ్మిదిలో లేని చోటికి. ఉగ్రస్తంభానికి. అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు, హారతి పట్టే పూజారి ఉండడు. నల్లమల అంచున నిట్టనిలువుగా లేచిన బండకొండ, నెత్తిన నిలువునా చీలి ఉంటుంది. హిరణ్యకశిపుడి కొలువులో నరసింహుడు చీల్చుకొని వచ్చిన కంబం ఇదేనని స్థలపురాణం. ఎగువ అహోబిలం గుడి దగ్గర పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం లోపే ఎక్కేసి, దిగేటప్పుడు జ్వాలా నరసింహుణ్ణీ మాలోలుణ్ణీ చూసుకొని, నాలుగింటికల్లా కిందికి చేరి ఆళ్లగడ్డ బస్సు అందుకోవచ్చు. కాగితం మీద చక్కగా కుదిరిన రోజు.

కాగితం రాసింది మా మేనల్లుడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ, ఫోన్‌లో కొండదారుల మ్యాపు. వాడి నాన్న, అంటే మా బావ, ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం వదిలిపెట్టి ఇంట్లో ఊరికే కూర్చోలేక మొక్కులు వెతుక్కుంటున్న మనిషి. మోకాళ్లు అంతంత మాత్రమే. ‘స్తంభం ఎక్కుతానని అనుకున్నాను, ఎక్కాలి’ అన్నాడు. ఎప్పుడనుకున్నాడో, ఎందుకనుకున్నాడో మా అక్కక్కూడా చెప్పలేదు. నాకు దేవుడితో అంత గట్టి ఒప్పందాలేం లేవు. అహోబిలం కొండల రాయిని దగ్గరగా చూడాలన్న ఆశ మాత్రం ఎప్పటినుంచో ఉంది.

కార్తీకమాసం చివరి వారం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని, దక్షిణ కోస్తా, రాయలసీమల్లో అక్కడక్కడా ఓ మోస్తరు వానలు పడతాయని ముందురోజు రాత్రి టీవీలో చెప్పారు. ఆ ‘అక్కడక్కడా’ అనే మాటను రాయలసీమవాడు పట్టించుకోడు. మా వైపు వాన ఎప్పుడూ అక్కడే పడుతుంది, ఇక్కడ పడదు. సత్రం వాకిట్లో నిలబడి చూస్తే చుక్కలు కూడా కనిపించాయి. పొద్దున దిగువ ఊళ్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, మధ్యాహ్నానికి చిత్రాన్నం పొట్లాలు కట్టించుకొని ఆటోలో ఎగువకు చేరాం. రెండు అహోబిలాలకూ మధ్య ఎనిమిది కిలోమీటర్ల అడవి. ఆటోవాడు దారిపొడవునా కోతుల గురించే చెప్పాడు: సంచి భుజాన కాదు, కడుపుకు వేసుకోండి, ప్లాస్టిక్ కవరు చప్పుడు వినబడితే చాలు, అవి వచ్చేస్తాయి.

ఎగువ గుడి కొండలోకి దూరినట్టు ఉంటుంది. గర్భాలయం గుహే. ఉగ్రనారసింహుడు స్వయంభువు అంటారు. ఆ గుహ లోపలికే అహోబిల మఠం ఆరవ జీయరు తపస్సుకు పోయి తిరిగి రాలేదని, ఇప్పటికీ లోపలే ధ్యానంలో ఉన్నారని నమ్మకం. అర్చకులు ఆ మాట చెబుతుంటే మా బావ వాకిలి వైపు చూసి, ‘మన టికెట్లు మాత్రం సాయంత్రానికి’ అన్నాడు.

గుడి బయట ఊతకర్రలు అద్దెకిచ్చే చోట మాకు దారి చూపే మనిషి దొరికాడు. దగ్గర్లోని గూడెం వాడు, చెంచు కుర్రవాడు, ముప్పై లోపు ఉంటాయి. కాళ్లకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు. మా మేనల్లుడు తన బూట్ల అడుగున పళ్లు ఎంత లోతుగా ఉన్నాయో చూపించాడు. అతను మర్యాదకు చూసి, ‘బాగుండాయి అన్నా’ అని ఊరుకున్నాడు. తర్వాత తలెత్తి కొండ మీదికి, కొండ వెనక్కి, మళ్లీ కొండ మీదికి చూశాడు. ‘పోదాం. పొయ్యేంత దూరం పోదాం’ అన్నాడు. ఆ రెండో మాటను మేం ముగ్గురం వినీ విననట్టే ఊరుకున్నాం.

దారి భవనాశిని వెంటే పోతుంది. పుస్తకాల్లో అది నది. అక్కడివాళ్లకు వంక. ఆ ఉదయం పాదాలు తడిసేంత నీళ్లే ఉన్నాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా. కొన్నిచోట్ల చిన్న వంతెనలు, కొన్నిచోట్ల బండల మీదుగానే దాటాలి. రెండు వైపులా ఎర్రటి, పసుపుపచ్చటి బండగోడలు ఎంత ఎత్తు లేచాయంటే, సూర్యుడు వచ్చినా వంకలోకి ఆలస్యంగా దిగుతాడు. ఒడ్డున మద్దిచెట్లు, గోడల నెర్రెల్లో వేళ్లు దింపిన జువ్వి, పైన ఎక్కడో వెదురు.

క్రోడ నరసింహుడి గుడి ఒడ్డునే ఉంది, చిన్నది. దర్శనం చేసుకొని బయటికి వచ్చాక నేను వెతుకుతున్నది కాళ్ల కిందే దొరికింది. ఒక పలక బండ, మంచం అంత ఉంటుంది, దాని ఒళ్లంతా సమానంగా ముడతలు. వేలితో తడిమితే ఒక గట్టు, ఒక పల్లం, మళ్లీ గట్టు, మళ్లీ పల్లం, బొటనవేలు వెడల్పున. గట్లకు ఒక వైపు వాలు ఎక్కువ, మరో వైపు తక్కువ. లోతులేని నీళ్లు ఇసుక మీద ఒకే దిక్కుకు పారినప్పుడు పడిన గీతలవి. ఆ ఇసుక గట్టిపడి, లోపలికి కూరుకుపోయి, వేడికీ బరువుకూ క్వార్ట్‌జైట్ రాయిగా మారి, మడతలుపడి ఇంత ఎత్తుకు వచ్చింది. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పాత సముద్రపు అడుగు ఇది. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. చెట్టు లేదు, చేప లేదు, గడ్డిపోచ లేదు. ఉన్నదల్లా ఇసుక, నీళ్లు, గాలి. ఆ నీళ్లు ఎటునుంచి పారాయో వాలును బట్టి చెప్పవచ్చట. మా బావ కూడా వంగి తడిమి చూశాడు. ‘ఇది నేసిన చీరంచు లాగుందయ్యా’ అన్నాడు. బట్టల వ్యాపారికి సముద్రం కూడా కౌంటరు మీదికే వస్తుంది.

అక్కడినుంచి మెట్లు. మెట్లంటే తిరుపతి మెట్లు గుర్తుతెచ్చుకోకండి. కొన్ని చెక్కినవి, కొన్ని పేర్చినవి, కొన్ని మెట్లని మనం అనుకోవాల్సినవి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడని చరిత్రలో ఉంది. ఆయన కొలువులో ఉన్న ఎఱ్ఱనే నృసింహపురాణంలో ఈ అహోబిలం కథ చెప్పాడు. రాజు మెట్లు కట్టడం, కవి పురాణం రాయడం రెండూ ఒకే పని అనిపిస్తుంది నాకు: జనం రాలేని చోటికి జనాన్ని రప్పించడం. మేం ఎక్కుతున్న మెట్లలో ఆయన కాలం నాటివి ఏవో, నిన్నమొన్నటివి ఏవో చెప్పగలిగేంత చూపు నాకు లేదు. ఏ కాలంవైనా మోకాలికి ఒకటే.

జ్వాలా నరసింహుడి దారి నుంచి ఉగ్రస్తంభం దారి చీలిపోయే చోట మెట్లు అయిపోతాయి. ఆ పైన బండలు, వేళ్లు, మట్టి జారిన గాడి. మొదట్లో చెట్ల నీడ ఉంటుంది. తర్వాత ఒక్కో బండకూ చేతులు కూడా వాడాలి. కుర్రవాడు ముందు ఎక్కి, కర్ర కిందికి చాపి, మేనల్లుణ్ణి లాగాడు. మేనల్లుడు నన్ను లాగాడు. నేను వెనక్కి తిరిగి బావ చెయ్యి పట్టుకున్నాను.

‘మీకేం కావాల సార్ ఆయన?’ అని పైనుంచి అడిగాడు కుర్రవాడు.

‘మా బావ. మా అక్క మొగుడు.’

‘అట్లయితే ఫరవాలేదు’ అని నవ్వాడు. వాళ్లు కొండతేనె తీసేటప్పుడు బండగోడ మీదుగా తాడుకు వేలాడుతూ దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునే పని బావమరిదిదేనట. అన్నదమ్ములనైనా నమ్మరు గానీ బావమరిదిని నమ్ముతారు. ‘వాడు తాడు వదిలితే వాళ్లక్కే కదా సార్ ముండమోసేది’ అన్నాడు, ఇంత సులువైన లెక్క మీకెందుకు తెలియలేదన్నట్టు. మా బావకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అక్కణ్ణుంచి ప్రతి బండ దగ్గరా ‘ఏమయ్యా బామ్మర్దీ’ అని చెయ్యి చాపడం మొదలుపెట్టాడు, అవసరం ఉన్నా లేకున్నా.

ఎక్కేకొద్దీ గాలి ఆగిపోయింది. ఉక్కపోత. అంతవరకూ ఎక్కడో కూస్తున్న పిట్టలు కూడా ఊరుకున్నాయి. లోయకు అవతలి కొండ మీద ఒక తెల్లటి పొర పాకుతూ వచ్చి మొదట దాని నెత్తి, తర్వాత నడుము, తర్వాత కొండనంతా మింగేసింది. మా మేనల్లుడు ఫోన్ తీసి, స్తంభానికి ఇంకా ఐదువందల మీటర్ల లోపే ఉందన్నాడు. కుర్రవాడు ఫోన్ వైపు చూడలేదు. ముక్కుతో గాలి పీల్చి, ‘వాన వచ్చాది’ అన్నాడు. ఎక్కడి వానో మాకు తెలియలేదు, మా మీద ఒక్క చినుకు లేదు.

పది నిమిషాల్లో తెలిసింది. చినుకులతో మొదలయ్యే వాన కాదది, ఒక్కసారిగా దిగింది. ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ కిందికి నలుగురం దూరాం. అప్పటిదాకా ఎండిన అట్టలా ఉన్న రాయి మీద నాచు ఒక్కసారిగా పచ్చబడి మెరిసింది. నేను కాలు పెట్టి చూశాను. బూటు పట్టలేదు, సబ్బు మీద పెట్టినట్టు జారింది.

‘కొంచెం తగ్గాక పోదాం. ఐదువందల మీటర్లే కదా’ అన్నాడు మేనల్లుడు.

‘మీటర్లు కాదన్నా’ అన్నాడు కుర్రవాడు. ‘పైన స్తంభం దగ్గర బండ పట్టుకొని తిరిగే చోటుండాది. పాదం పట్టేంతే. పక్కన లోయ. తడి బండ మీద నేను పోను, మిమ్మల్ని పోనియ్యను. ఇంకోటుండాది. ఈ వాన మనకంటే ముందు వంకకు చేరతాది. మనం పైన ఎంతసేపుంటే కింద అంత లోతు.’

ఇక్కడ వాదన జరిగింది, దాన్ని పొడిగించను. వాడి వైపు వాచీ, మ్యాపు, హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చామన్న బాధ ఉన్నాయి. ఇటువైపు ఈ కొండలోనే పుట్టి పెరిగిన మనిషి మాట ఉంది. వాదన తేల్చింది మా బావ. మొక్కు ఆయనది కాబట్టి ఆయనే పట్టుబడతాడని నేను భయపడ్డాను. ఆయన మాత్రం బండ కిందినుంచే పైకి, ఏమీ కనిపించని ఆ తెలుపు వైపు తిరిగి చేతులు జోడించాడు. ‘నా వంతు అయిపోయింది. దిగుదాం’ అన్నాడు. అంత పెద్ద మొక్కు అంత తేలిగ్గా తీరిపోతుందని మా మేనల్లుడు ఇప్పటికీ ఒప్పుకోడు.

దిగడం ఎక్కడం కంటే కష్టమని అందరికీ తెలుసు. తడిలో అది ఎంతసేపు పడుతుందో తెలిసింది ఆ రోజే. ఎక్కిన గాడిలో ఇప్పుడు నీళ్లు పారుతున్నాయి. చాలాచోట్ల కూర్చొని జరిగాం. బావ పంచె ఎగగట్టి, రెండు చేతులా వేళ్లు పట్టుకొని, ఒక్కో అడుగుకూ నరసింహా అంటూ దిగాడు. ఒకచోట కుర్రవాడు ఆయన మడమను తన అరచేతిలో పెట్టుకొని రాతి అంచు మీదికి చేర్చాడు. చెయ్యి తీసి, అరచేతిని తన చొక్కాకు తుడుచుకొని, ఏమీ జరగనట్టు కిందికి దిగాడు.

మెట్ల దారికి వచ్చాక అంతా అయిపోయిందనుకున్నాం. వంక దగ్గరికి వస్తే చప్పుడు ముందు వినబడింది, తర్వాత కనబడింది. పొద్దున గులకరాళ్లు లెక్కపెట్టిన చోట ఎర్రటి నీళ్లు, మోకాలి పైకి, విరిగిన కొమ్మలను దొర్లించుకుంటూ పోతున్నాయి. మేం కాలు పెట్టి దాటిన బండలు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు.

ఈ కొండల్లో వంక ఎందుకింత తొందరగా వస్తుందో ఆ బండల్ని చూస్తేనే తెలుస్తుంది. క్వార్ట్‌జైట్ మీద మట్టి పలచన. తాగే దిక్కు లేదు, పట్టి ఉంచే దిక్కు లేదు. పడిన నీళ్లు పడినట్టే ప్రతి నెర్రెలోంచీ జారి, ఈ ఇరుకు కోనలోకి ఒకేసారి దిగుతాయి. నల్లరేగడి చేలల్లో పడిన వాన గంటల తరబడి నానుతూ ఉంటుంది. ఇక్కడ వాన అట్లా దాచుకునే రకం కాదు. వచ్చినంత తొందరగానే పోతుంది కూడా, పైన ఆగితే. ఈ నీళ్లన్నీ కొండ దిగి పడమటి బయలుకు, కుందూ వైపు పోయేవే.

మాతోపాటు ఇంకొందరు ఇరుక్కున్నారు. నంద్యాల నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు కొందరు. జ్వాలా నరసింహుణ్ణి చూసి వస్తున్న ఒక తమిళ కుటుంబం. వాళ్ల పెద్దావిడ డోలీలో ఉంది. డోలీ అంటే ఒక కుర్చీ, దానికి రెండు పొడుగాటి కర్రలు, మోయడానికి నలుగురు. మోసేవాళ్ల భుజాల మీద మడిచిన తువ్వాలు, దాని కింద చర్మం నల్లగా కాయకాచి ఉంది. మెట్టు దిగేటప్పుడు ముందువాళ్లు కర్రను భుజం నుంచి తలమీదికి ఎత్తుతారు, వెనకవాళ్లు నడుముదాకా దించుతారు. కుర్చీ మాత్రం వంగదు. పెద్దావిడ ఒళ్లో తులసిమాల, చేతిలో గొడుగు, ముఖంలో ఏ కంగారూ లేదు.

కాలేజీ కుర్రాళ్లు చొక్కాలు విప్పి చేతులు పట్టుకొని దాటేస్తామన్నారు. డోలీవాళ్లలో పెద్దవాడు లేచి వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. కేకలేయలేదు. ఒక ఎండుకొమ్మ తీసి నీళ్లలోకి విసిరాడు. అది మలుపు తిరిగి మాయమయ్యేదాకా అందరం చూశాం. కుర్రాళ్లు చొక్కాలు మళ్లీ వేసుకున్నారు.

మా కుర్రవాడు తన ఊతకర్రను నీటి అంచున రాతి పగులులో గుచ్చాడు, నీటిమట్టం ఎక్కడుందో తెలియడానికి. కాసేపట్లో కర్ర చుట్టూ నీళ్లు వచ్చాయి. దాన్ని తీసి ఇంకాస్త పైన గుచ్చాడు. అదీ తడిసింది. మూడో చోట గుచ్చాక వెనక్కి వచ్చి, పైనుంచి వాలిన గోడ కింద పొడిగా ఉన్న చోటు చూసుకొని కూర్చున్నాడు. ‘వంక దిగేదాకా అంతే సార్. చీకటి పడకముందే దిగతాది. దిగకపోతే మెట్లెక్కి జ్వాల కాడికే. అడవిలో ఈడ రాత్రి ఉండగూడదు.’ పులి అనే మాట అతను అనలేదు. కాలేజీ కుర్రాళ్లలో ఒకడు అన్నాడు, మిగతావాళ్లు వాడి నోరు మూయించారు.

నా మటుకు ఆ రోజు ఆ గోడ కిందే మొదలైంది. ఇంతమంది తడిసి, ఏమీ చేయలేక, ఎక్కడికీ పోలేక కూర్చుంటే తప్ప ఈ కొండ మీద ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. జీపుల్లో వచ్చేవాళ్లకు ఇంకో మూడో నాలుగో మిగిలి ఉంటాయి. కారంజ అయిందా, ఛత్రవట అయిందా అని అడగడమే పలకరింపు. ఇక్కడ పొట్లాలు విప్పుకున్నాం. మా చిత్రాన్నం, తమిళ కుటుంబం పుళియోదరై అరిటాకు ముక్కల మీద అటూ ఇటూ మారాయి. రెండింట్లోనూ చెనక్కాయ పప్పులున్నాయి. వాళ్లదాంట్లో ఇంగువ ఎక్కువ, మాదాంట్లో పచ్చిమిరపకాయలు. డోలీవాళ్లు రెండూ తిని, మాదే బాగుందన్నారు; ఊరి అభిమానం.

పెద్దావిడకు తెలుగు రాదు, మా బావకు తమిళం రాదు. మేనల్లుడు చెన్నైలో చదివాడు కాబట్టి మధ్యలో కూర్చున్నాడు. వాళ్లది శ్రీవైష్ణవ కుటుంబం. నూటెనిమిది దివ్యదేశాల్లో అహోబిలం ఒకటి. సింగవేళ్ కున్ఱం అని వాళ్లు పిలుచుకునే ఈ కొండ మీద తిరుమంగై ఆళ్వారు పది పాశురాలు పాడారు. ఆవిడ అవన్నీ నోటికి చెప్పగలదు. మా బావ ఏదో అడిగితే, ఆవిడ నవ్వి ఇంకేదో చెప్పింది. మేనల్లుడు తెలుగులో చెప్పాడు: ఆళ్వారు ఈ చోటును పొగిడిన తీరే వేరట. మిగతా క్షేత్రాల్లో తోటలూ చెరువులూ ఉంటే, ఇక్కడ పగిలిన బండలు, వేడిగాలి, వేటగాళ్లు, క్రూరమృగాలు. దేవతలకు తప్ప ఎవరికీ చేరశక్యం కాని చోటని ఆయనే చెప్పి పెట్టారట. ‘ఆయన ముందే చెప్పారు, వినకుండా వచ్చింది మనం’ అని పెద్దావిడ వంక వైపు గొడుగు చూపించింది.

చేరలేని చోటు అని పాడిన కవిని నమ్మి ఇన్ని వందల ఏళ్లుగా జనం ఇక్కడికే రావడం నాకు సరదాగా అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. ఆవిడ కళ్లు మూసుకొని లోపల ఏదో చదువుకుంటోంది.

మా కుర్రవాడికి ఈ సంభాషణ అంతా కాస్త పరాయిగా ఉన్నట్టుంది. బావే అడిగాడు, మీవాళ్లు స్వామిని ఏమని పిలుస్తారని.

‘బావ’ అన్నాడు ఒక్క ముక్కలో.

చెంచులక్ష్మి వాళ్లింటి ఆడబిడ్డ. ఆమెను మనువాడినవాడు దేవుడైనా బావే అవుతాడు. ఆ పెళ్లి సంగతి విని అలిగిన అమ్మవారిని బుజ్జగించినవాడే పైన మాలోలుడు. సంక్రాంతి వెళ్లగానే పారువేట మొదలవుతుంది. ఉత్సవమూర్తులు పల్లకిలో కొండ దిగి, నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతారు, స్వామి తన పెళ్లికి తనే పిలుపులు చెప్పుకోవడానికి. పల్లకి బయల్దేరేటప్పుడు చెంచులు విల్లంబులతో వచ్చి బాణాలు వేసే ఆచారం ఉంది. ‘బావ కదా, ఆ మాత్రం సరసం ఉంటాది’ అన్నాడు కుర్రవాడు. మా బావ నా వైపు చూశాడు. నేను నా చిత్రాన్నం చూసుకున్నాను.

పండితులు ఈ కథకు ఎన్నో అర్థాలు చెప్పారు, అడవి తెగలను గుడిలోకి కలుపుకున్న తీరని, ఇంకోటని. అవి నిజమే కావచ్చు. అయితే ఆ గోడ కింద నాకు కనిపించింది ఇంకా మామూలు సంగతి. గుడిలో గర్భాలయం ఎంత దూరం నుంచి చూడాలో మనకు గీత గీసి ఉంటుంది. ఈ కుర్రవాడికి ఆ లోపలి దేవుడు వరసకు బావ. ఎంతసేపు చూశాం, ఎన్ని చూశాం అన్న బెంగ అతనికి ఉండదు. ఇంటికి వచ్చిన అల్లుణ్ణి లెక్కపెట్టి ఎవరు చూస్తారు?

వాన పలచబడింది. కుర్రవాడు కర్ర దగ్గరికి వెళ్లి చూసి వచ్చి, ‘తిరిగింది’ అన్నాడు. నీటి అంచున రాతి మీద తడి గీత ఒకటి మిగిలింది, నీళ్లు దాని కిందికి జారుతున్నాయి. ఆ గీతకూ నీళ్లకూ మధ్య జానెడు దూరం అయ్యేదాకా ఆగమన్నాడు. నీళ్ల రంగు కూడా ఎరుపు నుంచి టీ రంగుకు వచ్చింది. కాలేజీ కుర్రాళ్లు ఇప్పుడు తొందరపడలేదు. వాళ్లే కొమ్మలు విసిరి వేగం చూస్తున్నారు.

దాటే పద్ధతి డోలీవాళ్లు చెప్పారు. డోలీ కర్రలు రెండూ ఊడదీసి, ఒకదాన్ని నీటికి ఎగువన అడ్డంగా పట్టుకొని ఇద్దరు మొదట దాటారు. నీళ్లు తొడల దాకా ఉన్నాయి. అవతలి ఒడ్డున ఒకరు, ఇవతల ఒకరు, మధ్యలో రాయికి ఆనుకొని ఒకరు. కర్ర పట్టుకొని, ముఖం ఎగువకు తిప్పి, కాలు ఎత్తకుండా అడుగున జరుపుకుంటూ ఒక్కొక్కరం. చల్లదనం ఎముకల్లోకి పోయింది. పాదం కింద ఏ రాయి కదులుతుందో, ఏది కదలదో తెలుసుకొని బరువు మోపాలి. ఆ కొద్ది గజాల్లో నా బుర్రంతా అరికాళ్లలోనే ఉంది. బావ నా ముందు నడిచాడు, ఆయన నడుముకు చుట్టిన తువ్వాలు నా పిడికిట్లో. ఈసారి ‘బామ్మర్దీ’ అనలేదు. పెద్దావిడను డోలీవాళ్లలో ఒకడు వీపున వేసుకొని తెచ్చాడు. దిగగానే ఆవిడ అతని తల మీద చెయ్యి పెట్టింది, తర్వాత గొడుగు కోసం వెతుక్కుంది. అది అవతలి ఒడ్డునే ఉండిపోయింది. మా మేనల్లుడు వెనక్కి దాటి వెళ్లి తెచ్చిచ్చాడు, ఎవరూ అడగకుండానే.

ఎగువ గుడి చేరేసరికి దీపాలు పెట్టారు. మేం అనుకున్నవాటిలో స్తంభం లేదు, జ్వాల లేదు, మాలోలుడు లేడు. ఉగ్రస్తంభం ఎటుంటుందో చూపించమంటే కుర్రవాడు మబ్బులో ఒకవైపు వేలు పెట్టి చూపించాడు. మేనల్లుడు అటు తిరిగి మబ్బునే ఫోటో తీసుకున్నాడు. వాడి వాచీ ఆ రోజు అడుగులు ఎన్నో చెప్పింది గానీ, కూర్చొని జరిగినవాటిని అది లెక్కలోకి తీసుకోలేదట. టీ బంకు దగ్గర మూడేసి గ్లాసులు తాగాం. కూలి డబ్బు ఇస్తే కుర్రవాడు సగమే తీసుకోబోయాడు, స్తంభం చూపించలేదు కదా అని. బావ అతని జేబులో మొత్తం కుక్కాడు. వాళ్లిద్దరూ ఫోన్ నంబర్లు రాసుకున్నారు.

‘మాఘం వెళ్లాక రండి పెద్దాయనా. వంకలో నీళ్లుండవు’ అన్నాడు అతను. ‘కాకపోతే పొద్దెక్కితే బండ కాలతాది. నాలుగ్గంటలకే లేసి రావాల.’

బస్సు ఎప్పుడో పోయింది. ఆళ్లగడ్డ దాకా ఆటోలో, కాలేజీ కుర్రాళ్లతో కలిసి, ఎవరి మోకాళ్లు ఎవరివో తెలియకుండా వెళ్లాం. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన శిల్పుల పాకల్లో ఇంకా ఉలుల చప్పుడు వస్తోంది. సగం చెక్కిన విగ్రహాల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి, వాన వాళ్లనూ వదల్లేదు.

బస్టాండులో సిగ్నల్ రాగానే మా అక్క ఫోన్. పొద్దున్నుంచి అందక భయపడి, ఇప్పుడు అందినందుకు కోపంగా ఉంది. బావ ఆమెకు వంక సంగతి చెప్పలేదు. పెద్దావిడ గురించి, పుళియోదరై గురించి, తేనె తాడు గురించి చెప్పాడు. మళ్లీ మాఘం వెళ్లాక పోతున్నామన్నాడు. అవతలినుంచి ఏదో వినబడింది. బావ ముఖం మారింది. ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, ‘తనూ వస్తుందట. ఆ బండలు, ఆ దారి, కాస్త భయం చెప్పు’ అని ఫోన్ నా చేతికిచ్చాడు.

నేను ఉగ్గాని గురించి చెప్పాను. బజ్జీలు ఎక్కడ బాగుంటాయో కూడా చెప్పాను.